జల్లెడకు దగిన పిండి

గతమాసపు సంచికలో మాగాయ జాడీలను గూర్చి నేను వ్రాసిన నాలుగు మాటలకు వచ్చిన యుత్తరములలో నొకటి మాగాయతో నేమాత్రమును సంబంధము లేనిది. తెనాలి నుండి యొక సోదరి వ్రాసినది. వారి అమ్మాయి ఇంజనీరింగు మూడవ సంవత్సరము చదువుచున్నదట. సెలవులలో హైదరాబాదు పోయి అమీరుపేటలో నేదేని కంప్యూటరు భాష నేర్చుకొనెదనని పట్టుపట్టినదట. జావా మేలని యొకరు, పైథాను మేలని యొకరు చెప్పుచుండగా తల్లికిని దండ్రికిని ఏమియు తోచకున్నది. "మీ యింట చదువుకొన్నవారున్నారు గదా, ఏది మంచిదో వ్రాయుడు" అని యామె కోరిక.

సోదరీ, నేను మా తండ్రిగారి యొద్ద నమరమును, మనుచరిత్రమును, వసుచరిత్రమును చదువుకొన్నదానను. కంప్యూటరు భాషలలో నాకు ఓనమాలు రావు. అయినను మీ ప్రశ్నను తోసివేయజాలకున్నాను. ఏలయన రెండేండ్లుగా నీ భాషల తగవు మా యింటి వసారాలోనికే వచ్చి కూర్చున్నది.

మా యింటివారు పనిచేయు పాఠశాలలో ఆఱువందలమంది పిల్లలు గలరు. ఫీజుల లెక్క మొదట బౌండు పుస్తకములలో నుండెడిది. మూడేండ్ల క్రిందట యాజమాన్యమువారు దానిని కంప్యూటరులోనికి మార్పింపదలచి, పూర్వవిద్యార్థి యొకనికి ఆ పని యొప్పగించిరి. కుఱ్ఱవాడు బుద్ధిమంతుడు. మా యింట చల్దియన్నము తిని లెక్కలు చెప్పించుకొన్నవాడే. ఇంజనీరింగు ముగించి యేడాదిన్నరగా కొలువు లేక యుండెను. ఇచ్చెదమన్న సొమ్ము స్వల్పమైనను సంతోషముతో నొప్పుకొనెను.

ఫీజుల లెక్కలో నుండునదేమి? పిల్లవాని పేరు, తరగతి, కట్టిన సొమ్ము, కట్టిన తేది, రశీదు సంఖ్య. ఒక్క కంప్యూటరు, అందొక డేటాబేసు, నాలుగైదు తెరలు చాలును. పదిదినముల పని యని తెలిసినవారు ఇప్పుడు చెప్పుచున్నారు. మావాడు చేసినది వేఱు. రశీదుల కొకటి, హాజరున కొకటి, తల్లిదండ్రులకు సందేశములు పంపుట కొకటి, ఇట్లు తొమ్మిది ప్రత్యేక ప్రోగ్రాములుగా నా పనిని విడదీసెను. ఇట్టివానిని మైక్రోసర్వీసులందురు. వానిని దూరమున నెక్కడనో అద్దెకు దొరకు యంత్రములపై నుంచి, తొమ్మిదింటిని కనిపెట్టుకొని యుండుటకు కుబర్నెటీసు అను పర్యవేక్షకుని నియమించెను. ఆ మాట గ్రీకు భాషది. ఓడకు కర్ణధారి యని యర్థము. వేలకొలది యంత్రములను నడిపిన యనుభవముతో గూగులువారు దానిని చేసి 2014లో లోకమున కుచితముగా నిచ్చిరి. సముద్రములు దాటు నోడలకు పుట్టిన కర్ణధారిని తెచ్చి మా యూరి చెఱువులోని తాటిదోనెపై గూర్చుండబెట్టినట్లయినది.

మాకీ సంగతి యేమియు తెలియదు. తెర మీద రంగులు చక్కగా నుండెను. రశీదులు టపటప వచ్చెను. ఎనిమిది మాసములు గడచునప్పటికి కుఱ్ఱవానికి బెంగుళూరులో మంచి యుద్యోగము దొరికెను. పూతరేకులు తెచ్చి మా యిద్దఱకును నమస్కరించి పోయెను. నేను సంతోషించితిని.

మఱుసటి జూనులో పాఠశాల తెఱచిన వారమునకే లెక్కల తెర తెల్లబోయినది. ఆ ప్రోగ్రాములును కర్ణధారియు నొకరినొకరు గుర్తించుటకు ముద్రాపత్రముల వంటివి కొన్ని యుండును. వాని గడువొక్క యేడాది. గడువునకు ముందు క్రొత్తవానిని వేయవలెనని తెలిసినవాడు బెంగుళూరులో నున్నాడు. అద్దె యంత్ర మొకసారి యాగి మరల మొదలగునప్పటికి కర్ణధారి తన నావికులను తానే గుర్తింపలేక చేతులు ముడుచుకొని కూర్చుండెను. మా యూరిలో కంప్యూటరు బాగుచేయువారిని నలుగురిని పిలిపించిరి. ఆ పేరు విన్నవారొక్కరును లేరు.

మూడు వారములు మా యింటివారు రాత్రులు కార్బను కాగితములు పెట్టి రశీదులు వ్రాసిరి. నేను పేర్లు చదువుచుంటిని. అదియంతయు పడదగిన శ్రమయే. పడరానిది మఱియొకటి జరిగినది. ఇండ్లలో పనిచేసి కూతును బదవ తరగతికి దెచ్చుకొన్న యొక తల్లి, ఏప్రిలులోనే నాలుగువేల యైదువందలు ముందుగా కట్టియుండెను. ఆమె యొద్ద రశీదు పోయినది. లెక్క తెఱచుకొనదు. కార్యాలయమువారు మరల కట్టినగాని పుస్తకములీయమనిరి. ఆమె మా వసారా మెట్లపై గూర్చుండి, నోట్లు లెక్కపెట్టి యిచ్చిన దినమేదో, ఆ దినమున నెవరెవరు నిలుచుండిరో యన్నియు చెప్పుచుండగా, నమ్ముటకు నాకు సాక్ష్యము వలసినది కాదు; కార్యాలయమునకు వలసినది. మా యింటివారు తాము పూచీయుండి పుస్తకములిప్పించిరి. కాని పదిమంది యెదుట అబద్ధమాడినదానివలె నిలువబడిన యా గడియను పూచీ తీర్చునా?

ఫోను చేయగా కుఱ్ఱవాడు శనివారము రాత్రి బస్సెక్కి వచ్చెను. రెండు గంటలలో లెక్క తెఱచుకొన్నది. ఏప్రిలు 22వ తేదిన నామె సొమ్ము జమయై యుండెను.

భోజనము వడ్డించుచు నేను కోపమణచుకొనలేక, "నాయనా, ఈ చిన్న బడికి ఇంత యంత్రాంగమేల?" యని యడిగితిని. వాడు తలవంచుకొని, "అక్కఱ లేదని నాకు తెలియునమ్మగారూ. సాదాగా వ్రాసియున్నచో మాస్టారి లెక్క బాగుగనే జరుగును, నా రెస్యూమె నెవరును చూడరు. అంతకుముందు రెండువందల దరఖాస్తులు పంపితిని, నలుగురును పిలువలేదు. ఈ పేర్లు రెండు చేర్చిన పిమ్మట నెలలో నాఱు పిలుపులు వచ్చినవి. ఇంటర్వ్యూలో 'నిజమైన పనిలో కుబర్నెటీసు నడిపితివా' యని యడిగిరి. నడిపితినని చెప్పగలిగితిని" అనెను. ఆ మాట విన్న పిమ్మట నాకు కోపము నిలువలేదు. అట్లని పోవను లేదు.

కొలువునకు దీసికొను పద్ధతి యిట్లున్నది. ఒక్క యుద్యోగమునకు వేలకొలది దరఖాస్తులు వచ్చును. వానిని మొదట జల్లించువారు తఱుచుగా ఆ పని యెఱిగిన ఇంజనీర్లు కారు, హెచ్.ఆర్. విభాగపువారు. వారి చేతిలో నొక పేర్ల పట్టిక యుండును. రియాక్టు, కుబర్నెటీసు, ఫలానా భాషలో ఐదేండ్ల యనుభవము, ఇట్టివి. పేరున్న కాగితము నిలుచును, లేనిది రాలును. పలుచోట్ల నీ జల్లెడ పట్టునది కంప్యూటరే. వంటమనిషిని కుదుర్చుకొనువారు పప్పు చారు వండుట తెలియునా యని యడుగక, "ఫలానా కంపెనీ కుక్కరుపై మూడేండ్ల యనుభవము గలదా" యని యడిగి, కట్టెపొయ్యిపై నూఱుమందికి వండిన యామెను గుమ్మమునుండియే పంపివేసినట్లుండును. 2020లో జరిగిన వింత యొకటి వినుడు. ఫాస్ట్‌ఏపీఐ అను పనిముట్టును నిర్మించిన సెబాస్టియన్ రమీరెజ్ ఒక యుద్యోగప్రకటనను జూచెను. అందు ఫాస్ట్‌ఏపీఐలో నాలుగేండ్లకు పైబడిన యనుభవము కోరియుండిరి. ఆయన దానిని సృష్టించి యప్పటికి ఏడాదిన్నర మాత్రమే యైనది.

జల్లెడ యెట్టిదో తెలిసిన పిమ్మట పిండి విసరువారు దానికి దగినట్లే విసరుదురు. ఈ రోగమునకు ఇంజనీర్లు తామే యొక పేరు పెట్టుకొన్నారు. పని కొఱకు గాక రెస్యూమె కొఱకు పనిముట్టు నెన్నుకొనుట యని దాని భావము. 2021లో జర్మనీ పరిశోధకులు కొందఱు దీనిని గూర్చి 591 మందిని విచారించి ప్రకటించిరి. ఉద్యోగములిచ్చువారిలో నూటికి 60 మంది, వాడుకలో నున్న మోజు తమ ప్రకటనలపై బనిచేయుచున్నదని యొప్పుకొనిరి. పనిచేయువారిలో నూటికి 82 మంది, మోజులో నున్న పనిముట్లను తమ నిత్యకృత్యమున వాడిన యెడల రేపటి యజమానుల కంటికి నదరుదుమని నమ్మిరి. మా కుఱ్ఱవాడు ఆ 82 మందికి తోబుట్టువు.

ఇది క్రొత్త సంగతి యని నేననుకొనను. మన కావ్యములనే చూడుడు. పింగళి సూరన రాఘవపాండవీయమున నొక్క పద్యముననే రామకథను, భారతకథను పలికించి మెప్పు పొందెను. వెంటనే రామరాజభూషణుడు హరిశ్చంద్రనలోపాఖ్యానము చెప్పెను. ఆపై ఎలకూచి బాలసరస్వతి మూడర్థముల కావ్యమునే సాధించెను. ఆ విద్య గొప్పది, కాదనను. కాని సభలో దేనికి చప్పట్లు పడునో దానికే సాధన పెరుగును. కళాపూర్ణోదయము వ్రాసిన సూరనయే నాకెక్కువ ప్రియుడు. ఇది నా పక్షపాతమని మా యింటివారు వాదింతురు గాక.

యజమానుల పక్షమునను న్యాయము లేకపోలేదు. "ఇది వ్రాసినవాడు రేపు వెళ్లిపోయిన మఱియొకడు దొరకునా" యని వారు భయపడుదురు. అందుచేతనే పెక్కు కంపెనీలు జావావంటి భాషలను పట్టుకొని వేలాడును. 1995లో వెలువడిన యా భాష నెఱిగినవారు ఏ నగరముననైనను దొరకుదురు. కళాశాలలు నేర్పును, అమీరుపేట నేర్పును. మా పాఠశాల యాజమాన్యమే ఆ భయము కొంచెము పడియున్నచో, "మన యూరిలో దీనిని బాగుచేయువారెందఱున్నారు" అని మొదటనే యడిగియున్నచో, ఆ తల్లి మెట్లపై గూర్చుండవలసివచ్చెడిది కాదు. కాబట్టి మనుష్యులు దొరకుదురా యని చూచి భాష నెన్నుకొనుట తప్పు గాదు. పేర్లు లెక్కించి మనుష్యు నెన్నుకొనుటయే చిక్కు తెచ్చుచున్నది.

ఎఱిగినవారు తక్కువయని మంచి భాషను వదలుకొన్నవారును గలరు, వదలక బాగుపడినవారును గలరు. స్వీడను దేశమున ఎరిక్‌సన్ కంపెనీవారి ప్రయోగశాలలో 1986లో టెలిఫోను యంత్రముల కొఱకు ఎర్లాంగ్ అను భాష పుట్టినది. 1998లో నా కంపెనీలోని రేడియో విభాగమువారే, లోకమంతయు వాడు భాషలే మేలని, క్రొత్త సరకులలో దానిని నిషేధించిరి. ఆ సంవత్సరాంతముననే యది యెల్లరకు నుచితముగా విడువబడినది. మనమందఱము ప్రొద్దున లేవగానే చూచుకొను వాట్సాప్ ఆ భాషతోడనే పెరిగినది. 2014లో ఫేసుబుక్కువారు దానిని సుమారు 1,900 కోట్ల డాలర్లకు కొనుటకు నిశ్చయించునప్పటికి వాడుకరులు 45 కోట్లు, సిబ్బంది యేబదికి కొంచెము పైన. ఇంతమందికి సేవ చేయుటకు ఎర్లాంగ్ వచ్చినవారు లక్షలమంది వలసినవారు కారు. న్యూయార్కులో జేన్ స్ట్రీట్ అను వ్యాపారసంస్థ ఓకామల్ అను నల్పప్రచారముగల భాషలో తన పని నడుపుకొనుచున్నది. ఆ భాష రానివారినే తీసికొని నేర్పించుకొనును. నేర్పెదమను ధైర్యమున్న యింట జల్లెడ మఱియొక విధముగా నుండును.

పైథాను మాట చెప్పెదను, తెనాలి సోదరికి ఇది ముఖ్యము. 2004లో పాల్ గ్రేయం అను అమెరికా రచయిత యొక చిన్న వ్యాసము వ్రాసెను. జావాను జనులు కొలువు కొఱకు నేర్తురనియు, పైథానును ఇష్టముచేత నేర్తురనియు, కావున పైథాను వారిని పిలుచు కంపెనీకి మేలైన పనివారు దొరకుదురనియు నందలి వాదము. అప్పటికది నిజమే కావచ్చును. నేడు అమీరుపేటలో మైత్రీవనము చుట్టునున్న గోడలపై పైథాను పేరు లేని బోర్డు కనబడుట యరుదు. మెచ్చుకోలుకు గుర్తుగా నుండిన పేరు జల్లెడలోని పేరైనది. అంతటితో దాని వలన మనుష్యుని పోల్చుకొను వీలు పోయినది.

ఆ వీధుల చరిత్రయే యొక పాఠము. 2000 సంవత్సరము వచ్చునప్పుడు పాత కంప్యూటర్లు తేదులను తప్పుగా జదువునని లోకమంతయు బెదరినప్పుడు, 1959లో రూపుకట్టనారంభించిన కోబాల్ భాష కచట గిరాకి కలిగినది. బెదురు తీరిన పిమ్మట దాని నడుగువారు తగ్గిరి, కుఱ్ఱవాండ్రు ముఖము తిప్పుకొనిరి. 2020 ఏప్రిలులో, కరోనా కాలమున నిరుద్యోగభృతి దరఖాస్తులు వెల్లువవలె వచ్చినప్పుడు, అమెరికాలోని న్యూజెర్సీ గవర్నరు ఫిల్ మర్ఫీ కోబాల్ తెలిసినవారు ముందునకు రావలెనని బహిరంగముగా వేడుకొనెను. పాత యంత్రములలో నదియే యింకను పనిచేయుచుండెను.

ఇక మా యింటి రెండవ కథ. మా ఆడుబిడ్డ 2013 నుండి ఆఱేండ్లు హైదరాబాదులో నొక కంపెనీలో పనిచేసినది. ఆమె చేతిలోని పనిముట్టు యాంగ్యులర్‌జేయస్. గూగులువారు 2010లో దానిని విడుదలచేసిరి. 2016లో నా పేరుతోనే వేఱొకదానిని క్రొత్తగా గట్టిరి. పాతది క్రొత్తదానితో నతుకదు. 2021 డిసెంబరుతో పాతదాని పోషణయే మానివేసిరి. ఈలోపల 2019లో మా ఆడుబిడ్డ బాబు పుట్టినందున కొలువు మానినది. నడుమ అత్తగారి జబ్బు, కరోనా, బదిలీ. ఇప్పుడు బాబు బడికి పోవుచున్నాడు. మగని జీతమొక్కటియే యింటిలోనున్నది, అత్తగారి వైద్యమునకైన యప్పున్నది. కొలువు కావలెను. ప్రకటనలన్నింటను రియాక్టు. ఫేసుబుక్కువారు 2013లో నిచ్చినది. "మీకది రాదు, పైగా ఐదేండ్ల విరామము" అని ఫోనులోనే ముగింతురు. తెర యేదైనను వెనుక నుండు తర్కమొక్కటియేనని, ఆఱు వారములలో నేర్చుకొందునని యామె చెప్పుట కవకాశమే యుండదు. జల్లెడకు ప్రశ్నోత్తరములు లేవు గదా. పురుషులకు పనిముట్టు పాతబడిన నొక్క నష్టమే. ప్రసవించిన స్త్రీకి పనిముట్టు పాతబడునది సరిగా నామె యింటనున్న యా నాలుగేండ్లలోనే.

గత దసరాకు వచ్చినప్పుడు మా యింటివారు పాఠశాల లెక్కను మరల వ్రాసిపెట్టుమని చెల్లెలి నడిగిరి. ఆమె యొప్పుకొన్నది. ఆ రాత్రి వంటయింటిలో, "వదినా, అన్నయ్యకు కావలసినట్లు సాదాగా వ్రాయుటకు పదిదినములు పట్టును. అది వ్రాసితినని రెస్యూమెలో పెట్టిన నెవరును చదువరు. ఆ అబ్బాయి చేసినట్లు చేసితినా, నాకు పిలుపు వచ్చును. నీవేమందువు?" అని యడిగినది. ఆ కుఱ్ఱవాని నడిగినంత సుళువుగా నేనామె నడుగలేకపోతిని. ఆ తల్లి మెట్లపై గూర్చున్న సంగతి మాత్రము చెప్పితిని. ఆమె మాటాడక పాలు తోడువేసినది.

తెనాలి సోదరికి నా యెఱిగినంతలో నిది జవాబు. ఇన్ఫోసిస్ వంటి పెద్ద కంపెనీలు కళాశాలలకే వచ్చి, ఏ శాఖ చదివినవారినైనను పరీక్షించి తీసికొని, మైసూరులోని తమ శిక్షణాలయమున నేర్పించుకొనును. ఏ పనిముట్టు చేతికిత్తురో అమ్మాయి యిష్టముపై నుండదు. కావున మూడవయేట జావాయా పైథానా యని నిద్ర మానుకొనవలదు. ఒక్కదానిని, ఏదైనను సరే, తప్పులు తానే పట్టుకొని దిద్దుకొనునంత లోతుగా నేర్వవలెను. దానితోబాటు డేటాబేసుల పని నేర్వవలెను. 1970లలో రూపొందిన యెస్‌క్యూఎల్ అను ప్రశ్నభాష ఇన్ని మోజులు మాఱినను నేటికిని వాడుకలోనే యున్నదని మా ఆడుబిడ్డ చెప్పినది. అప్పటి ప్రకటనలలో మ్రోగుచున్న పేరును చివరి యేడు రెండు నెలలు చూచుకొన్న చాలును. ఆ పేరునకు మొగము చాటువేసి మడి కట్టుకొని కూర్చుండుమని నేను చెప్పజాలను. అన్నము పెట్టు గుమ్మమునకు జల్లెడ కట్టియున్నది. అమీరుపేటలో ఫీజు కట్టుటకు ముందు రెండు దినములు ఊరక కూర్చుండి పాఠము వినుటకు ఒప్పుకొందురు. అట్లు విని, చెప్పువాని చేతిపని చూచి, పిమ్మట కట్టుడు.

మా ఆడుబిడ్డ రశీదుల లెక్క యంతయు పైథానులో, ఒక్క డేటాబేసుతో, కార్యాలయపు గదిలోని యొక్క కంప్యూటరు మీదనే వ్రాసినది. ప్రతిరాత్రియు నకలొకటి దానంతటదియే వేఱుచోట చేరునట్లు చేసి, మరమ్మతు విధమంతయు తెలుగున పదునాలుగు పుటలు వ్రాసి బీరువాలో పెట్టినది. కార్యాలయపు కిటికీవద్ద తల్లిదండ్రులు చూచుకొను తెర యొక్కటి మాత్రము రియాక్టుతో గట్టినది. దాని కది యక్కఱ లేదని తానే చెప్పినది. మా యింటివారు విని, కళ్లజోడు తుడుచుకొని, ఏమియు ననలేదు.

ఆ తెరను జూచి యొక కంపెనీవారు పిలిచిరి. గంటసేపు రియాక్టును గూర్చియే యడిగిరట. రశీదుల లెక్కను గూర్చి ఒక్క ప్రశ్నయు లేదు. రెండవ విడత ఇంటర్వ్యూ వచ్చే గురువారము మధ్యాహ్నము మూడు గంటలకు. ఆ దినము బాబును బడినుండి నేనే తీసికొనివచ్చెదనని చెప్పియున్నాను.